గుంటనక్కల పక్షం

మా మేనత్త పోయిందని భానూర్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను ఇస్నాపూర్‌లో షేర్ ఆటో ఎక్కుతున్నాను. కుక్కకు ముద్ద పెట్టని మనిషి అని ఊళ్లో ఆమెకు పేరు. ఆ మాట అన్నవాళ్లకు సంగతి సగమే తెలుసు.

ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఇరవై ఏళ్లు వండింది. మొదట్లో మిగిలిన అన్నం రోజూ ప్రహరీ బయట కుక్కలకు పోసేది, పుణ్యమనే అనుకునేది. ప్రహరీ వెనకే ఆమె బీడు చెలక, అందులో గుంటనక్కల బొరియ. ఒకరోజు తెల్లవారుజామున డ్యూటీకి పోతూ చూసింది. తన చేతి అన్నం తిన్న కుక్కలే మూడు గుంటనక్క పిల్లలను చంపి పడేశాయి. తినలేదు కూడా. ఆ రోజు నుంచి మిగిలింది గుంట తవ్వి పూడ్చేది. తోటి ఆడవాళ్లు తిట్టినా మానలేదు.

కాలిగుర్తు చూసి ఏ జంతువో చెప్పడం నాకు నేర్పింది ఆమే. బొరియ దగ్గరికి రాగానే చప్పుడు కాకుండా చెప్పులు చేతపట్టుకునేది. తన చిన్నప్పుడు ఇక్కడ తోడేళ్లుండేవట, వాటి భయానికి పెద్ద నక్కలు అణిగి ఉండేవట. తోడేళ్లు పోయాక ఆ నక్కలు పెరిగి గుంటనక్కలను మూలకు నెట్టాయి. ఫ్యాక్టరీ షెడ్లు లేచాక ఆ పెద్ద నక్కలూ పోయాయి, కుక్కలొచ్చాయి.

"తిండి తక్కువైతే తోడేళ్లు తగ్గేటియి బిడ్డా. మనం పోస్తుంటే ఈ కుక్కలెట్ల తగ్గుతయి?" అనేది.

మూడోనాడు పిట్టకు పిండం పెట్టడానికి ఆ చెలకకే వెళ్లాం. ఆకులో అన్నం, ఆమెకిష్టమైన జొన్నరొట్టె, చేపల పులుసు పెట్టాం. పిట్ట ముట్టింది. గంజు గిన్నెలో మిగిలిన అన్నమంతా కుక్కలకు కుమ్మరిస్తే అమ్మకు శాంతి అన్నాడు ఆమె కొడుకు, మా బావ. అప్పటికే గట్టు మీద కుక్కల గుంపు చేరింది.

గంజు గట్టిగా పట్టుకున్నాను.

"ఇయ్యాల పోస్తే రేపు ఇంకిన్ని వస్తయి బావా. అత్త పేరు మీద ఆ పని నేను జేయనియ్య."

ఒక పెద్దావిడ శాపనార్థాలు పెట్టింది. పెట్టనీ. పార తీసుకుని గుంట తవ్వి, అన్నం అందులో పోశాను. కోపమూ ఏడుపూ కలిసే వచ్చాయి. బావ వచ్చి మట్టి కప్పాడు.

అందరూ ఇళ్లకు వెళ్లారు. నేను ఆ మట్టి మీదే, ఒళ్లో పార పెట్టుకుని కూర్చున్నాను. నా వెనక బొరియలో ఈ ఏటి గుంటనక్క పిల్లలున్నాయి. ఎదురుగా కుక్కలు. ఎండ ముదిరింది. చాలాసేపటికి వాటిలో పెద్దది లేచి, ఒళ్లు విరుచుకుని, రోడ్డువైపు నడిచింది.