నేతగారబ్బాయి

ఖతార్‌లో నా మొదటి అబద్ధం నేను ఆడింది కాదు, ఆపనిది.

వరల్డ్ కప్పు కోసం అల్ రయ్యాన్‌లో స్టేడియం లేస్తున్న రోజులవి. నేను సైటు ఆఫీసులో స్టోరు గుమాస్తాను. చేరిన కొత్తలో, పక్క టేబులు టైమ్‌కీపరు "మీ నాన్నగారేం చేస్తారండీ?" అని అడిగాడు. గోదావరి జిల్లా మనిషి. ఊళ్ళో అయితే "మగ్గమోళ్ళం" అంటే సరిపోతుంది. ఆఫీసు కదా అని పుస్తకం భాష తీశాను.

"మా నాన్న నేత."

"అబ్బో! ఏ పార్టీ అండీ?"

అప్పుడే సరిదిద్దాల్సింది. నవ్వి ఊరుకున్నాను. ఆ రోజు నుంచి నేను "నేతగారబ్బాయి"ని. టీ ముందు నాకే వచ్చేది. నేయడం రాకుండానే ఊరు దాటినవాణ్ణి, అల్లడం మాత్రం ఇక్కడ బాగా నేర్చాను.

మా ఇంజనీరు స్కాట్లండ్ పెద్దాయన. చలికాలం పొద్దున మెడకు గళ్ళ ఉన్ని మఫ్లరు చుట్టుకొని వచ్చేవాడు. నీలం, ముదురాకుపచ్చ, మధ్యలో సన్నటి పసుపు గీత. మావాళ్ళు చాటుగా "లుంగీ సార్" అనేవాళ్ళు. ఒకరోజు ఆయనే చెప్పాడు, అది వాళ్ళ ఇంటిపేరని. వాళ్ళ దేశంలో ఒక్కో ఇంటిపేరుకు ఒక్కో గళ్ళ వరుసట. ఏ రంగు ఎన్ని పోగులో కూడా లెక్క ఉందట. ఆ మఫ్లరు చనిపోయిన తండ్రిదట. చెబుతున్నంతసేపూ ఆయన వేళ్ళు పసుపు గీతనే నిమిరాయి. ఇంటిపేరును మెడలో వేసుకు తిరిగే మనిషి ముందు, ఇంటిపనిని జేబులో దాచుకొని నిలబడ్డాను.

వారం తిరక్కుండా ఆ మఫ్లరు తలుపు మేకుకు తగులుకొని వేలెడంత చిరిగింది.

"బాగుచేసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని నన్నే అడిగాడు.

ఉన్నాడు. స్కాఫోల్డింగ్ కట్టే కాకా. మా ఊరివాడే. ఖతార్ వచ్చి ఎన్నేళ్ళయినా ఊరివాళ్ళ లెక్కలో ఇంకా దుబాయ్‌లోనే ఉన్నవాడు. మగ్గం నేర్చుకున్నది మా నాన్న దగ్గర. పిలిస్తే నా గుట్టు చిరుగుతుంది, పిలవకపోతే ఆయన తండ్రి మఫ్లరు చిరిగే ఉంటుంది. పిలిచాను. అంతవరకు మంచివాణ్ణే.

భోజనం గంటలో వచ్చాడు. హెల్మెట్ తీసి, చేతులు కడుక్కొని, మఫ్లరును కిటికీ వెలుతురుకు పట్టి లెక్కపెట్టాడు.

"నీలం ఇరువై నాలుగు, పచ్చ ఇరువై, పసుపు రెండే పోగులు. సూడు తమ్మీ, పసుపు కాడికి పోయి, మల్ల పోయిన తొవ్వనే ఎనుకకు వస్తున్నయ్. పడుగెట్లనో పేకట్లనే. ఎవడో గట్టోడే నేసిండు."

అంచులోంచి పోగులు లాగి, సూదితో ఒక్కొక్కటే కిందకీ మీదకీ నడిపించాడు. గంట అయ్యేసరికి చిరుగు ఎక్కడుండేదో నేనే పోల్చుకోలేకపోయాను.

సార్ మఫ్లరు అందుకొని, చిరుగున్న చోటు కోసం వేలితో వెతికాడు. "ఇతనికి ఎవరు నేర్పారో అడుగు" అన్నాడు.

అడిగాను. కాకా నవ్వాడు. "నన్నడుగుతవేంది? నీ బాపే నేర్పిండని జెప్పు."

టైమ్‌కీపరు మెస్సుకు వెళ్ళాడు. అతని కుర్చీ ఖాళీగా ఉంది. ఆ ఖాళీ కుర్చీకే భయపడ్డాను. సార్‌కు తెలిస్తే టీ వేళకు ఆఫీసంతా చెబుతాడు. అందుకని ఇంగ్లీషులో, "ఊళ్ళో ఎవరో పెద్దాయన నేర్పాడట" అన్నాను.

"ఆ పెద్దాయనకు మా నాన్న తరఫున థాంక్స్ చెప్పమను."

కాకాకు "బాగుందంటున్నడు" అని మాత్రం చెప్పాను. ఆయన హెల్మెట్ పెట్టుకుంటూ గుమ్మం దగ్గర ఆగాడు.

"ఇన్నేండ్ల సంది ఫోర్మన్ల కింద పనిజేస్తున్న తమ్మీ. ఫాదర్ అంటే నాకెరుకే. నీ నోట ఆ మాట ఇనబడలే."

తిట్టలేదు. డ్యూటీకి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే టైమ్‌కీపరు దగ్గరికి వెళ్ళాను. "ఏమండీ, మా నాన్న నాయకుడు కాదు. నేత అంటే బట్టలు నేసే నేత."

అతను టేబులు చరిచి మరీ నవ్వాడు. "పొద్దున్నే ఏం పంచ్ వేశారండీ! నేతగారబ్బాయంటే మాటలు నేయాల్సిందే!"

మాటకు మాట అతికించి నవ్వించే అలవాటున్నవాడు నిజం చెప్పినా శ్లేషలాగే వినబడుతుంది. మళ్ళీ చెప్పొచ్చు, ఈసారి నవ్వకుండా. కిటికీలోంచి ఎత్తున ఇనుప పైపుల మీద కాకా కనిపిస్తున్నాడు.

ఇంతలో టీ వచ్చింది. ముందు నాకే.

తీసుకున్నాను.