బయానాగా ఇచ్చిన టీసీ

మా ఆయనకు ఏ బేరంలోనూ "వద్దు" అని చెప్పే అలవాటు లేదు. గురజాలలో మాది స్టీలు సామాన్ల కొట్టు. ప్రతి గురువారం సరుకు కోసం నరసరావుపేట వెళతాడు. అక్కడ ఒక హోల్‌సేల్ కొట్లో బిందెలు నచ్చితే బయానా ఇస్తాడు. పక్క కొట్లోకి వెళ్ళి అక్కడా బిందెలు చూసి, అక్కడా ఇంకో బయానా ఇస్తాడు. మధ్యాహ్నం దాకా ఇద్దరినీ ఆశలో పెట్టి, ఎవరు దిగొస్తే వాళ్ళ దగ్గర కొంటాడు. "వద్దనకూడదే. వద్దన్నామంటే మనమే తలుపేసుకున్నట్టు" అంటాడు. బిందెల వరకూ ఆ తెలివి సరే. కూతురి చదువులో కూడా అదే తెలివి వాడేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

మా అమ్మాయి మా వీధి చివరి గవర్నమెంటు బడిలోనే అయిదో తరగతి దాకా చదివింది. బాగా చదివే పిల్లల్ని పరీక్ష పెట్టి ఏరుకుని, ఆరో తరగతి నుంచి హాస్టల్లో ఉంచి ఉచితంగా చదివించే గవర్నమెంటు బడి ఒకటుంది. నరసరావుపేట దాటాక ఇంకో గంట ప్రయాణం. మా వీధి బడి హెడ్‌మాస్టరమ్మ పట్టుబట్టి మా పిల్లచేత ఆ పరీక్ష రాయించింది. సాయంత్రాలు తన ఇంట్లోనే కూర్చోబెట్టుకుని లెక్కలు చేయించింది. సీటు వచ్చిన రోజు ఆవిడే చెమటలు కక్కుకుంటూ మా కొట్టు దాకా వచ్చి, ఫోన్‌లో ఫలితం చూపించింది. మా అమ్మాయి గిన్నెల దొంతర వెనక నుంచి వచ్చి చూసి, "నిజంగా నా నంబరేనా టీచర్?" అని మూడుసార్లు అడిగింది.

అంతటితో అయిపోతే ఎంత బాగుండేది!

మర్నాటికల్లా ఒక ప్రైవేటు స్కూలు మనిషి దిగాడు. టక్ చేసుకుని, చేతిలో రంగురంగుల పుస్తకంతో. నరసరావుపేటలో వాళ్ళకు హాస్టల్ ఉందట. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అట. మా పిల్లకు సగం ఫీజేనట. ఈ అయిదేళ్ళలో మా పిల్ల ముఖం ఎరగనివాడు "మన పాప, మన పాప" అంటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. కష్టపడి తయారుచేసిన టీచరమ్మ చెప్పులు తెగేలా తిరుగుతుంటే, తయారైన పిల్లను ఎగరేసుకుపోవడానికి వీళ్ళు ఏసీ కారులో వస్తారు.

మా అత్తయ్యకు మాత్రం ఆ పుస్తకం చానా నచ్చింది. "ఊరికే చెప్పే బళ్ళో ఏం చెప్తారమ్మాయ్? మన కొట్లో ఊరికే ఇచ్చే గంటె ఎట్టా ఉంటదో తెల్వదా నీకు?" అంది. పెళ్ళి సామాను కొన్నవాళ్ళకు మేం ఒక రేకు గంటె ఊరికే ఇస్తాం. అది నెల తిరిగేసరికి వంగిపోతుంది. పిల్ల చదువును ఆ గంటెతో పోల్చింది ఆవిడ.

మా ఆయన లెక్క వేరు. "నరసరావుపేటైతే గురువారం గురువారం నేను పోతాగా. సరుకు చూసుకుని, పిల్లను చూసుకునొస్తా. ఆ గవర్నమెంటు దాంట్లో నెలకోసారే చూడనిస్తరంట."

"మీ సరుకు రూటులో ఉందని బడి ఎంచుకుంటారా ఎవరైనా?" అన్నాను.

"వాళ్ళు తగ్గిస్తామంటున్నారే. ఇంకా దిగుతారు చూడు."

"పిల్ల పరీక్ష రాసి గెల్చుకున్న సీటండీ! అది బేరం పెట్టి తెచ్చింది కాదు."

"నేను వద్దన్నానా? అదీ ఉంచుదాం, ఇదీ ఉంచుదాం."

ఇదీ మనిషి. గోడకు చెప్పినా కాస్త పెచ్చు రాలుతుంది.

పిల్లను అడిగితే ఒక్కటే మాట. పరీక్ష రాయడానికి ఆ బడికే వెళ్ళింది కదా, అక్కడ ఒక గది నిండా పుస్తకాలు కిటికీలోంచి చూసిందట. "తాళం వేసుంది. చేరితే తీస్తారంట" అంది. దానికి కావలసింది అంతే.

చేరడానికి ఆఖరి గడువు సోమవారం సాయంత్రం అయిదు. అంతకు ముందు వారం హెడ్‌మాస్టరమ్మ టీసీ రాసిచ్చింది. ఆ కాగితం అసలుది లేకపోతే ఏ బడీ చేర్చుకోదు. పోగొట్టవద్దని ఆవిడ నాకు రెండుసార్లు చెప్పింది. నేను దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువాలో దాచాను. గురువారం పొద్దున మా ఆయన "జిరాక్సులు తీయిస్తా, ఇటివ్వు" అన్నాడు. పాపం, ఒక పనైనా చేస్తానన్నాడని ఇచ్చాను. నా బుద్ధికి ఏం తెగులొచ్చిందో!

సాయంత్రం వచ్చాడు. చేతిలో ఆ ప్రైవేటు స్కూలు పేరున్న కొత్త బ్యాగు, దాంట్లో ఒక నీళ్ళ సీసా, ఒక క్యాలెండరు.

"టీసీ ఏదండీ?"

"ఇచ్చొచ్చా."

"ఇచ్చొచ్చా అంటే ఏంది?"

"సీటు ఉంచాలంటే ఏదోటి ఇమ్మన్నారు. ఇప్పుడే ఫీజు కట్టటం ఎందుకని బయానా కింద టీసీ ఇచ్చా. ఫోటో కూడా అడిగితే ఒకటిచ్చా. మనం వద్దనుకుంటే తిరిగిచ్చేస్తరుగా!"

నేను అట్లాగే గడప మీద కూలబడ్డాను. నలభయ్యేళ్ళొచ్చిన మనిషి, ఊళ్ళో అందరికీ బేరంలో మెళకువలు చెప్పే మనిషి, కన్నకూతురి టీసీని బిందెకిచ్చినట్టు బయానా ఇచ్చి, నీళ్ళ సీసా పట్టుకుని ఇంటికొచ్చాడు. ఆ రాత్రి నేను తిట్టిన తిట్లు మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

శుక్రవారం ఆ స్కూలుకు ఫోన్ చేస్తే "అడ్మిషన్ అయిపోయింది మేడమ్, కంగ్రాచ్యులేషన్స్" అంది ఒకమ్మాయి. శనివారం మా ఆయన వెళితే ప్రిన్సిపాల్ లేడు, సోమవారం రమ్మన్నారు. తిరిగొచ్చి ఇంకో ఉపాయం చెప్పాడు. టీసీ బస్సులో పోయిందని పోలీసు స్టేషన్లో కాగితం రాసిస్తే హెడ్‌మాస్టరమ్మ ఇంకోటి రాసిస్తుందట.

అన్నం తింటున్న మా అమ్మాయి తలెత్తింది. "పోలేదుగా నాన్నా. ఆ బళ్ళో ఉందిగా."

మా ఆయన చేతిలో ముద్ద కంచంలోనే వదిలేసి లేచిపోయాడు. ఆ ఉపాయం అక్కడే చచ్చింది.

సోమవారం పొద్దున మొదటి బస్సుకు నేనూ, పిల్లా బయల్దేరాం. మా ఆయన రాలేదు. మాచర్ల నుంచి పెళ్ళి సామాను వాళ్ళొస్తారు, కొట్టు ఎవరు చూస్తారన్నాడు. కూతురి కంటే పెళ్ళివాళ్ళ గంగాళాలు ఎక్కువైపోయాయి ఈయనకు. బస్టాండు దాకా కూడా రాకుండా, కొట్టు మెట్టు మీద నిలబడి పిల్ల తల నిమిరాడంతే. పిల్ల వీపు మీద పాత బడి సంచి ఉబ్బిపోయి ఉంది. ఏముందే అందులో అంటే "నావి" అంది. ఇప్పుడు గొడవెందుకులే అని ఊరుకున్నాను.

నరసరావుపేటలో ఆ స్కూలు గేటు దగ్గరికి వెళ్ళేసరికి నా కాళ్ళు ఆగిపోయాయి. గేటు మీద పెద్ద ఫ్లెక్సీ. దాని మీద మా పిల్ల ముఖం, గుమ్మమంత ఎత్తున. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, మా ఆయన ఇచ్చిన ఆ ఫోటోనే. కింద పెద్ద అక్షరాల్లో, గవర్నమెంటు ప్రతిభా పరీక్షలో మా విద్యార్థిని విజయం అని రాసి ఉంది. వాళ్ళ బడిలో ఒక్క పూటైనా కూర్చోని పిల్ల! చెమటోడ్చిన టీచరమ్మ పేరు ఏ మూలా లేదు. మా అమ్మాయి తలెత్తి చూసుకుని, "అమ్మా, నా ముక్కు అంత పెద్దదా?" అంది.

ఆఫీసు గదిలో అడ్మిషన్ల కోసం వచ్చిన తల్లిదండ్రులు పదిహేను మందిదాకా ఉన్నారు. బల్ల వెనక అమ్మాయి నా మాట సగంలోనే అందుకుని, టీసీలన్నీ హెడాఫీసుకు వెళ్ళాయి, వారం పడుతుందంది. సాయంత్రం అయిదింటికి గడువమ్మా అన్నాను. రూల్ మేడమ్ అంది. బతిమాలాను. అరిచాను. మధ్యాహ్నం మూడు దాటింది. గోడ గడియారం చూసినప్పుడల్లా మా ఆయన్ను ఒక కొత్త తిట్టు తిట్టుకున్నాను.

అప్పుడు రెంటచింతల నుంచి కొడుకును చేర్చడానికి వచ్చిన ఒక రైతు మా పిల్లను పరీక్షగా చూశాడు. "అమ్మాయ్, బయట బోర్డు మీద ఉంది నువ్వే కదూ? ఈ బళ్ళో ఎట్టా చెప్తారమ్మా?"

మా అమ్మాయి లేచి నిలబడింది. దానికి పెద్దవాళ్ళడిగితే నిలబడి చెప్పడం అలవాటు, హెడ్‌మాస్టరమ్మ నేర్పింది. "నాకు తెలీదండీ. నేను ఈ బళ్ళో చదవలేదు. గురజాలలో గవర్నమెంటు బళ్ళో చదివా. వీళ్ళు మా టీసీ ఇవ్వట్లేదండీ, దాని కోసం వచ్చాం."

రైతు ఒకసారి కిటికీలోంచి గేటు మీది ఫ్లెక్సీ వైపు, ఒకసారి బల్ల వెనక అమ్మాయి వైపు చూశాడు. "ఏందమ్మా ఇది?" అన్నాడు. వెనక బెంచీలోంచి ఇంకెవరో "మరి ఆ బోర్డేంది?" అన్నారు. లోపలి గది తలుపు తెరుచుకుని, ఇంతసేపూ లేని ప్రిన్సిపాల్ బయటికొచ్చాడు. రండి మేడమ్, లోపల మాట్లాడుకుందాం అన్నాడు. హెడాఫీసుకు వెళ్ళిన టీసీ ఆయన సొరుగులోనే ఉంది. రెండు నిమిషాల్లో నా చేతికొచ్చింది. పెద్దవాళ్ళం ఇద్దరం నాలుగు రోజులు ఫోన్లు, బేరాలు, ఉపాయాలు చేసి సాధించలేనిది, పదేళ్ళ పిల్ల నిలబడి ఉన్నమాట చెప్పి సాధించింది.

పరుగున బస్సెక్కాం. కోటప్పకొండ కనపడగానే దండం పెట్టుకున్నాను. ఏం మొక్కుకున్నానో మాత్రం నాకే స్పష్టంగా తెలియదు.

నాలుగున్నరకు గవర్నమెంటు బడికి చేరాం. అక్కడి మాస్టారు టీసీ చూసి, కాగితాలన్నీ సరిపోల్చి, నా ముందు ఒక ఫారం పెట్టాడు. "సంతకం పెట్టండమ్మా. పాప ఈ రోజు నుంచే ఉండాలి. సామాను ఏదీ?"

దుప్పటి, బట్టలు, కంచం, గ్లాసు తేవాలని, సామాన్ల మీద పిల్ల పేరూ హాల్‌టికెట్ నంబరూ ఉండాలని వాళ్ళ ఉత్తరంలో స్పష్టంగా ఉంది. నేను పదిసార్లు చదివాను. ఒక్క సబ్బు కూడా కొనలేదు. టీసీ గొడవలో తీరిక లేదని నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. టీసీ దొరక్కపోతే పిల్ల ఇంట్లోనే ఉంటుంది కదా అని నాలో ఒక మూల ఆశ ఉంది. ఊరందరినీ తిడుతూ తిరిగిన నేను, నా సంగతి మాత్రం ఎవరికీ తెలియనివ్వలేదు.

"సామాను తేలేదండీ, రేపు..." అన్నాను.

"రేపంటే కుదరదమ్మా. ఇవాళ చేరకపోతే సీటు తర్వాతి పిల్లకు పోతుంది."

మా అమ్మాయి సంచి విప్పింది. రెండు జతల బట్టలు, దుప్పటి, సబ్బుపెట్టె. వాటి కింద స్టీలు కంచం, గ్లాసు. మా కొట్టువే. వాటి మీద దాని పేరు, పేరు కింద హాల్‌టికెట్ నంబరు చెక్కి ఉన్నాయి.

మా కొట్లో సామాన్ల మీద పేర్లు చెక్కేది మా ఆయనే. ఆయన అక్షరాలు అచ్చులో పడ్డట్టు ఉంటాయని గురజాల అంతా అంటుంది. ఈ కంచం మీది అక్షరాలు వంకర్లు పోయి ఉన్నాయి. ఒక అంకె దగ్గర మిషను జారి గీత కూడా పడింది.

"ఎప్పుడు చెక్కాడే?"

"బుధవారం. నువ్వు పాలకు పోయినప్పుడు" అంది పిల్ల. "చెక్కుతా ఏడ్చాడమ్మా. నీకు చెప్పొద్దన్నాడు."

బుధవారం. టీసీ ఇచ్చొచ్చిన గురువారానికి ముందు రోజు. పిల్ల ఎక్కడికి పోతుందో ఆయనకు ముందే తెలుసు. తెలిసి కూడా, గురువారం గురువారం చూసుకునే దారి మూసుకోలేక ఆ బయానా ఇచ్చొచ్చాడు. సగం ఫీజూ, ఇంకా దిగుతారూ, అదంతా పైమాట. నోరు తెరిచి "నాకు బెంగగా ఉందే" అంటే ఏం పోయేది ఈ మనిషికి? నాలుగు రోజుల తిట్లు తప్పేవి. నేను మాత్రం అన్నానా ఏంటి!

సంతకం పెట్టాను. పిల్ల కంచమూ గ్లాసూ చంకన పెట్టుకుని, వెనక్కి ఒక్కసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాతి గురువారం మా ఆయన సరుకు కోసం వెళ్ళి, పొద్దుగూకాక వచ్చాడు. చేతిలో ఒక్క బిందె లేదు, ఒక్క గిన్నె లేదు. చొక్కా అంతా దుమ్ము.

"సరుకేదండీ?"

"అటు పోలా" అన్నాడు, చెప్పులు విప్పుతూ. "బడి గేటు దాకా పోయొచ్చా. ఇయ్యాల చూడనివ్వరంట. రోడ్డవతల కూర్చున్నా."

పెళ్ళిళ్ళ రోజుల్లో కొట్టు ఖాళీ పెట్టి, సరుకు మానేసి, నెలకోసారే చూడనిస్తారని తెలిసీ, పనిగట్టుకుని అంత దూరం పోయి రోడ్డు మీద కూర్చుని వచ్చాడు! తిట్టడానికే నోరు తెరిచాను.

"కనపడిందా?" అని అడిగాను.