మైదానం నడుమ నా చోటు

మా ఊళ్లో నన్ను ఇప్పటికీ అడిగే ప్రశ్న ఒకటే: "ఎన్ని గోల్స్ కొట్టినావు పాపా?"

పదకొండేళ్లు ఫుట్‌బాల్ ఆడి బతికాను. ఏడు క్లబ్బులు మారాను. రెండు గోల్స్ కొట్టాను. అందులో ఒకటి నా నడుముకు తగిలి దానంతటది లోపలికి పోయింది. ఆ మాట చెబితే అడిగినవాళ్లే సిగ్గుపడి మాట మార్చేస్తారు. నేను మిడ్‌ఫీల్డర్‌నని, వెనకవాళ్ల దగ్గర బంతి తీసుకుని ముందువాళ్లకు అందించడమే నా పని అని మొదట్లో ఓపిగ్గా చెప్పేదాన్ని. ఆళ్లగడ్డ బస్టాండులో నిలబడి ఎంతమందికని చెప్పగలను? తర్వాత మానేశాను.

మా నాయనకు ఆళ్లగడ్డలో కిరాణా అంగడి ఉంది. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు నంద్యాలలో స్కూళ్ల పోటీలు పెట్టారు. మా పీఈటీ మేడమ్‌కు పదిమంది ఆడపిల్లలే దొరికారు. పదకొండోదాన్ని నేను. మా ఇళ్లల్లో ఆడపిల్ల నిక్కరు వేసుకుని నలుగురిలో పరిగెత్తడం అంతవరకూ లేదు. మేడమ్ అంగడికే వచ్చి నాయనను అడిగింది.

"ఒక్క పొద్దు పోయొస్తారు శెట్టీ. సాయంత్రానికి నేనే తెచ్చి ఇడుస్తా."

"ఒక్క పొద్దేనా?"

"ఒక్క పొద్దే."

నాయన సరేనన్నాడు. ఆ ఒక్క పొద్దు పదహారేళ్లు సాగింది.

ఆ రోజు మేం చిత్తుగా ఓడిపోయాం. బస్సులో పిల్లలందరూ ఏడుస్తుంటే నాకు మాత్రం ఏడుపు రాలేదు. మైదానం నడుమ నిలబడ్డప్పుడు ఎవరు ఎక్కడున్నారో, మరుక్షణం ఎక్కడికి పోతారో నాకు కనపడింది. మా నాయన అంగడిలో తల తిప్పకుండానే చేయి చాపి కావలసిన డబ్బా అందుకుంటాడు. అట్లా కనపడింది. ఇది నాకు వచ్చని ఆ రోజు తెలిసింది. ఇంకే పనిలోనూ నాకు అట్లా అనిపించలేదు, అప్పుడూ ఇప్పుడూ.

తర్వాత క్రీడల హాస్టల్లో సీటు వచ్చింది. అక్కడినుంచి రాష్ట్ర జట్టు, ఆ తర్వాత తమిళనాడులో ఒక చిన్న క్లబ్బు. ఆడవాళ్ల క్లబ్బులు ఒక్క సీజనుకే రాయించుకుంటాయి. నాలుగైదు నెలలు ఆడితే అయిపోయినట్టే. మళ్లీ పెట్టె సర్దుకుని ఇంటికి రావడం, ఫోన్ కోసం ఎదురుచూడడం. ఒడిశా, గుజరాత్, కోల్‌కతా, గోవా అన్నీ అట్లాగే తిరిగాను. రెండు క్లబ్బులు నేను వచ్చేసిన మరుసటి ఏడాదికి లేనే లేవు. ఊళ్లు తిరిగానంటారు గానీ నేను చూసింది హాస్టల్ గదులు, మైదానాలు, రైల్వే స్టేషన్లు. గోవాలో సముద్రం ఒక్కసారి చూశాను, అదీ బస్సు కిటికీలోంచి.

మా ఇంట్లో కోడిగుడ్డు కూడా గడప లోపలికి రాదు. ఒడిశాలో ఉన్నప్పుడు కోచ్ పక్కన కూర్చుని మరీ తినిపించింది. కళ్లు మూసుకుని మింగాను. ఆ సంగతి అమ్మకు ఇప్పటికీ తెలియదు. భాషలేవీ నాకు సరిగ్గా రాలేదు. కానీ "నీ వెనక మనిషి ఉంది" అన్న మాట మాత్రం ఐదు భాషల్లో తెలుసు. ఆటలో నాకు కావలసింది ఆ ఒక్క మాటే. తమిళపిల్ల "పిన్నాడి" అని అరిస్తే తెలుగులో అరిచినట్టే నా భుజం దానంతటది పక్కకు తిరిగేది.

ఇరవై ఏడో ఏట పెళ్లయింది. ఆయనది నంద్యాల, విత్తనాల అంగడి. పెళ్లిచూపుల్లో అందరూ లోపలికి పోయాక నాతో ఆయన అన్నది ఇంతే: "ఆడతాండావంట గదా. ఆడుకో. నాకు అంగడి ఉండాది, నీకు ఆట ఉండాది."

ఆయనకు ఫుట్‌బాల్ గురించి ఏమీ తెలియదు. అయినా నా మ్యాచ్ వచ్చిన రోజు గల్లాపెట్టె మీద ఫోన్ ఆనించి పెట్టుకుని చూసేవాడు. శనగ విత్తనాలకు వచ్చిన రైతులకు కూడా చూపించేవాడట. అయ్యాక ఫోన్ చేసేవాడు.

"నీ పేరు ఒక్కసారి గూడా చెప్పల్యాదే ఆ చెప్పేటాయన?"

"చెప్పలేదంటే బాగా ఆడినట్టేనండీ. నా దగ్గర బంతి పోతేనే నా పేరు వస్తుంది."

"అదేం ఆటే!" అని నవ్వేవాడు.

గోవాలో ఉన్నప్పుడు నా మోకాలు పోయింది. ఎవరూ తన్నలేదు, ఎవరూ తగల్లేదు. బంతి అందుకుని తిరిగాను, అంతే. నేను రోజుకు వందసార్లు తిరిగే తిరుగుడే. పచ్చి చెరకు విరిచినట్టు లోపల చప్పుడైంది. పక్కనున్న పిల్లకు కూడా ఆ చప్పుడు వినపడిందని తర్వాత చెప్పింది. లిగమెంట్ తెగిందన్నారు. ఆపరేషన్ అయ్యాక నంద్యాల వచ్చేశాను. మూడు వారాలకు క్లబ్బు నుంచి మెసేజ్ వచ్చింది, ఇన్నాళ్లు ఆడినందుకు కృతజ్ఞతలని. రెండే వాక్యాలు. అందులో నా పేరులో ఒక అక్షరం తప్పు పడింది.

నడక, ఆ తర్వాత మెట్లు, ఆ తర్వాత పరుగు. తొమ్మిది నెలలు పట్టింది. డాక్టరు ఇంక ఆడొచ్చన్నాడు. నాకు తెలిసిన కోచ్‌లందరికీ మెసేజ్‌లు పెట్టాను. కొందరు చేతులు జోడించిన బొమ్మ పంపారు. కొందరు చూసి ఊరుకున్నారు. ఎవరో ఒకరు పిలుస్తారు, పిలిచేనాటికి ఒళ్లు సిద్ధంగా ఉండాలి అనుకుని పొద్దున్నే కాలేజీ మైదానానికి పోవడం మొదలుపెట్టాను.

పరుగు ఒక్కదాన్నే తీయగలను. మెలికలు తిరగడానికి నాలుగు ఇటుకలు పెట్టుకుంటే చాలు. కానీ నా పని బంతి ఇవ్వడం. ఎవరికివ్వాలి? మైదానం అవతలి సగంలో క్రికెట్. చుట్టూ వాకింగ్‌కు వచ్చినవాళ్లు. వారం రోజులు గోడకు కొట్టాను. గోడ ఎప్పుడూ ఒకే చోట ఉంటుంది. ఎనిమిదో రోజు మా ఆయన తనే చెప్పులేసుకుని వెంట వచ్చాడు.

ఆయనది కాస్త పొట్ట ఉన్న ఒళ్లు. లుంగీ మానుకుని ప్యాంటు వేసుకోవడమే ఆయన లెక్కలో పెద్ద తయారీ. ఒకచోట నిలబెట్టి బంతి పంపాను. కాలితో ఆపి మళ్లీ నాకు తన్నాడు. పది సార్లు బాగానే జరిగింది.

"ఇప్పుడు మీరు కదలాల," అన్నాను.

"ఈడ నిలబడమంటివి గదా, నిలబడినా."

"నిలబడితే ఎట్లండీ? నేను తలెత్తి చూసేలోపల మీరు పోవాల."

"యాడికి?"

"యాడ ఖాళీ ఉంటే ఆడికి."

ఆయన నడుము మీద చేతులు పెట్టుకుని మా వైపు మైదానమంతా ఒకసారి చూశాడు. "అంతా ఖాళీనే గదే," అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే బంతిని కాలికింద ఆపేశాను. ఆయన అన్నది నిజం. ఖాళీ అనేది మనుషుల మధ్య ఉంటుంది. మనుషులే లేనిచోట నేను వెతకగల ఖాళీ ఏదీ లేదు. పాట పాడేవాళ్లు ఒక్కరే కూర్చుని పాడుకోవచ్చు. బొమ్మ గీసేవాళ్లు ఒక్కరే గీసుకోవచ్చు. నాకు వచ్చిన విద్య బయటపడాలంటే ఆట తెలిసిన పదిమంది నా చుట్టూ పరిగెత్తాలి. నంద్యాల అంతా వెతికినా నాకు ఒక్కరు లేరు. అయినా ఆయన రెండు నెలలు వచ్చాడు. చెమటలు కారుతూ, నేను ఎటు చేయి చూపిస్తే అటు పరిగెత్తాడు. బంతి పోయాక పరిగెత్తేవాడు, పాపం.

అప్పుడు ఫోన్ వచ్చింది. తమిళనాడులో నా మొదటి క్లబ్బు కోచ్. ఇప్పుడు బెంగుళూరులో ఒక క్లబ్బు చూస్తోంది. రెండు రోజులు వచ్చి పిల్లలతో కలిసి ఆడమంది. ఎందుకని నేను అడగలేదు. అడిగితే ఆ పిలుపు పోతుందేమో అన్నట్టు గబగబా సరేనన్నాను.

మా ఆయన అంగడి మూసి నాతో వచ్చాడు. మొదటి రోజు పరుగులు. అందరికంటే వెనక రాలేదు, అదే నాకు పెద్ద ధైర్యం. రెండో రోజు రెండు జట్లు చేసి ఆడించారు. నాకు నారింజ రంగు బనియన్ ఇచ్చి మధ్యలో నిలబెట్టారు. నాకు ఎదురుగా, నా చోటులోనే ఆడే పిల్ల. పంతొమ్మిదేళ్లుంటాయి. జార్ఖండ్ నుంచి వచ్చింది. ఆట మొదలు కాకముందు నా కాళ్లకు దండం పెట్టబోతే ఆపాను.

మొదటి అరగంట నేను బాగా ఆడాను. ఇది గొప్పకు చెప్పడం లేదు. ఏడాది దాటాక నా చుట్టూ మనుషులు కదులుతున్నారు. నేను తలెత్తేలోపల పోతున్నారు. వెనకనుంచి ఎవరో కేక వేస్తే నా భుజం తిరిగింది. ఆ పిల్ల ఏం చేయబోతోందో ముందే తెలుస్తోంది. రెండుసార్లు బంతి లాక్కున్నాను.

తర్వాత ఒక బంతి మా ఇద్దరి మధ్యకు వచ్చింది. అది ఎక్కడ పడుతుందో ఆ పిల్లకంటే నాకే ముందు తెలిసింది. తెలిసి కూడా నా కాలు తర్వాత వచ్చింది. తిరగాల్సిన చోట మోకాలు రెప్పపాటు ఆలోచించింది. నేను దాన్ని ఆలోచించమని చెప్పలేదు. పిల్ల బంతి తీసుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత మళ్లీ అట్లాగే. నాలుగోసారికి నేను ఎక్కడ ఆగుతానో ఆ పిల్ల కనిపెట్టేసింది. ఇంక ప్రతిసారీ అటువైపే తిరిగింది. దాని చోటులో నేనుంటే నేనూ అదే చేసేదాన్ని.

అయ్యాక కోచ్ నన్ను పక్కకు పిలిచి నీళ్ల సీసా ఇచ్చింది.

"ఎట్లుంది ఆ పిల్ల?" అని అడిగింది.

అప్పటికీ నాకు అర్థం కాలేదు. "బాగుంది. ఎడమ కాలు ఇంకా వాడాలి," అన్నాను.

"తీసుకోవచ్చంటావా?"

నేను ఆమె ముఖం చూశాను. ఆమె చూపు దించుకుంది.

"పెద్ద ఆట ఆడినవాళ్ల ముందు ఎట్లా నిలబడుతుందో చూడాలనుకున్నాను," అంది. "నీ అంత ఆట తెలిసినవాళ్లు నాకు ఇంకెవరు దొరుకుతారు చెప్పు? ముందే చెప్పాల్సింది. చెబితే రావేమోనని చెప్పలేదు."

కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ఆమె అబద్ధం చెప్పడం లేదు, నన్ను తక్కువ చేయడమూ లేదు. "తీసుకోండి," అన్నాను. "ఎడమ కాలు మాత్రం చూడండి."

కంచె అవతల మా ఆయన నిలబడి ఉన్నాడు. నేను దగ్గరకు రాగానే ముఖం వెలిగిపోయింది.

"అందరికంటే నీకే ఎక్కువసార్లు వచ్చింది బంతి. నేను లెక్క పెడతానే ఉండా. తీసుకుంటారు గదా?"

"ఆ పిల్లను తీసుకుంటారు."

"మరి నిన్ను?"

"నన్ను పిలిచింది అందుకు కాదండీ."

ఆయన నా సంచి అందుకుని భుజాన వేసుకున్నాడు. రైల్లో నా మోకాలు వాచిపోతే తన తువ్వాలు తడిపి చుట్టాడు. మరుసటి రోజు పొద్దున ఆయన అలవాటుగా లేచి ప్యాంటు వేసుకుని గడప దగ్గర నిలబడ్డాడు. నేను మంచం మీదినుంచి లేవలేదు. కాసేపు చూసి, ప్యాంటు విప్పి లుంగీ కట్టుకుని అంగడికి పోయాడు.

ఆ వారం ఆళ్లగడ్డ పోయాను. నాయన అంగడిలోనే ఉన్నాడు. ఎవరో ఆయనకు ముందే చెప్పినట్టున్నారు.

"ఇంగ యాడికీ పోవు గదా పాపా?" అన్నాడు.

"పోను నాయనా."

"మంచిది. కాలు నొప్పి తగ్గిందా?"

"తగ్గింది."

ఆయన ముఖంలో పెద్ద బరువు దించుకున్నట్టు ఒక తేలిక కనపడింది. దాచుకుందామని చూశాడు గానీ చేతకాలేదు. పదహారేళ్లుగా ఆయన ఎదురుచూస్తున్నది ఆ మాట కోసమేనని అప్పుడు తెలిసింది. ఆయన మంచివాడు. ఒక్కనాడు కూడా పోవద్దని అనలేదు. అందుకే ఆ ముఖం చూడడం నాకు మరీ కష్టమైంది. లోపలికి పోయి అమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు వలిచాను.

ఇప్పుడు నంద్యాలలో ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీగా చేస్తున్నాను. మైదానంలో సగం బస్సులు నిలుపుతారు. పదో తరగతి ఆటల పీరియడ్లు లెక్కల సారు తీసుకుంటాడు, మిగిలినవాటిలో పిల్లలు క్రికెట్ అడుగుతారు. మొదటి నెలలో ఆడపిల్లలను పోగుచేసి ఫుట్‌బాల్ నేర్పబోయాను. నలుగురు వచ్చారు. తర్వాతి వారం ఇద్దరు. పరీక్షలని వాళ్లూ ఆగిపోయారు. వాళ్ల ఇళ్లకు పోయి అడిగి ఉండాల్సిందేమో. ఒక్క పొద్దే అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మొన్న స్కూలు వార్షికోత్సవంలో కరస్పాండెంటు నన్ను స్టేజీ మీదికి పిలిచి జాతీయ స్థాయి క్రీడాకారిణి అన్నాడు. బంతి కింద పడకుండా కాలితో ఎగరేసి చూపించమన్నాడు. మ్యాచ్‌లో దాని అవసరం నాకు ఎప్పుడూ రాలేదు. చీరకట్టులో, కుడికాలి మీద ఇరవైసార్లు ఎగరేశాను. తల్లిదండ్రులందరూ గట్టిగా చప్పట్లు కొట్టారు. నా జీవితంలో నాకు పడిన చప్పట్లలో అవే పెద్దవి.

ఇంటికి వచ్చి కాలికి వేడినీళ్ల కాపడం పెట్టుకుంటుంటే మా ఆయన అంగడి మూసి వచ్చాడు.

"ఎట్ల జరిగింది?"

"అందరూ చప్పట్లు కొట్టినారు."

"మంచిదే గదా," అన్నాడు, నా ముఖం వైపు చూడకుండా. నీళ్లు చల్లారితే తనే తీసుకుపోయి మళ్లీ కాచి తెచ్చాడు.