లోగో దాటి చూడని మనిషి

నేను ఆబిడ్స్‌లో బట్టల దుకాణం గుమాస్తాను. నిరుడు నాంపల్లిలో, పాత వీడియో క్యాసెట్లను పెన్‌డ్రైవ్‌లోకి మార్చే ఒకాయనకు మా అమ్మ క్యాసెట్ ఇచ్చాను. పోయిన అమ్మ బతుకమ్మ ఆడిన దృశ్యం మాకున్నది అదొక్కటే. అప్పట్లో ఖాళీ క్యాసెట్ దొరక్క ఒక సినిమా క్యాసెట్ మీదే రికార్డు చేశాం. మొదట్లో గిర్రున తిరిగే బంగారు గోళం, అంటే కంపెనీ లోగో మాత్రం చెరగకుండా మిగిలింది.

వారం తర్వాత వెళితే ఆయన గొప్పగా పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టాడు.

"సార్, మీది పాత సినిమా, పేరు క్యాసెట్ మీదనే ఉన్నది. నెట్‌ల మస్తు క్లియర్‌గ ఉన్నది. గదే ఎక్కించిన."

"క్యాసెట్ ఏది?"

"గా చెత్తడబ్బాల ఏసిన. బూజు పట్టింది గద."

లోగో చూసి సినిమా అని తేల్చేసిన ఆ మేధావి ముందే డబ్బాలో చెయ్యి పెట్టి వెతికి తీశాను.

"పద్నాలుగు సెకన్లు ఆగి చూడు, మా అమ్మ వస్తుంది" అన్నాను. లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. ఏదైనా కొలిచి చెప్పడం నా అలవాటు.

క్యాసెట్ పెట్టాడు. పైకే లెక్కపెట్టాను. పద్నాలుగు దాటినా గోళం తిరుగుతూనే ఉంది.

"ఏంది సార్, అమ్మ ఇంకా రాలే?" అన్నాడు. దుకాణంలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేను లెక్క ఆపలేదు.

పదిహేడో సెకనుకు తెర చారలు కట్టి, అమ్మ చప్పట్లు కొడుతూ వచ్చింది.

నా లెక్క మూడు సెకన్లు తప్పింది, ఒప్పుకుంటాను. ఆయన మాత్రం అమ్మను చెత్తలో వేసేముందు పదిహేడు సెకన్లు ఆగలేకపోయాడు.

"తప్పయింది సార్. కొత్త కాపీ ముందర మా షాపు లోగో ఫ్రీగ పెడ్త."

"వద్దు నాయనా. నీలాంటివాళ్లు అక్కడే ఆపేస్తారు."