ఠాణా ముందు సద్దిమూటలు

నాకు అక్షరాలు వచ్చేసరికి నెత్తి తెల్లబడింది. మా తమ్ముడి కొడుకు మహారాష్ట్ర అంచున ఉన్న మా సిరోంచ నుంచి పేపరుకు వార్తలు రాసేవాడు. అవి చదవాలనే నేర్చుకున్నాను.

ఒక ఎండాకాలం, అడవి ఊళ్లో బీడీలకు తునికాకు కోసే ఒకతన్ని పోలీసులు విచారణకని తీసుకెళ్లారు. అతను తిరిగి రాలేదు. మావాడు జింగనూర్ దాకా బస్సులో పోయి, అక్కడి నుంచి నడిచి, అతని భార్యతో మాట్లాడి వచ్చాడు. మనిషి ఎక్కడున్నాడో చెప్పండి అని రాశాడు, అంతే. ఆమె పేరు పెట్టలేదు. నాలుగు రోజులకు వాడినే పట్టుకుపోయారు. ఈ సంగతి నీకు ఎవరు చెప్పారో ఆ పేరు చెప్పి ఇంటికి పొమ్మన్నారు. వాడు చెప్పలేదు. దాంతో, అడవిలో తుపాకులు పట్టినవాళ్లే రాయించారని కేసు పెట్టారు. బెయిలు సులువుగా దొరకని చట్టం అది. పేపరువాళ్లకు ఫోన్ చేస్తే అతను మా ఉద్యోగి కాదన్నారు. సిగ్గులేని మాట.

ఓట్లేసి తెచ్చుకున్న సర్కారు కదా, జడ్జి అయినా వినకపోతాడా అనుకున్నాను.

అడవి ఊళ్లకు ఒక పద్ధతి ఉంది. తమవల్ల ఎవరైనా కష్టంలో పడితే ఊరంతా సద్దిమూటలతో వచ్చి, ఆ మనిషి బయటికొచ్చేదాకా గడప ముందు కూర్చుంటుంది. దవాఖాన అయినా, ఠాణా అయినా ఒకటే. నినాదాలుండవు, అడగడముండదు. అట్లాగే మావాడి కోసం ఠాణా ముందుకు వచ్చారు. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు, ఆ తునికాకు మనిషి భార్య. ఎదురుగా రాళ్లు పెట్టి గంజి కాచుకున్నారు.

ఛాయ్ హోటల్ సాయిబు నన్ను పక్కకు పిలిచాడు. "కాకా, వీళ్లను జర పంపియ్యి. ఠాణా లోపల్నుంచి పోలీసోళ్లు ఫోటోలు తీస్తున్నరు."

పోయి చెప్పాను. ఒక ముసలామె గంజి కలపడం ఆపకుండానే జవాబిచ్చింది. "మా కోసం రాసిండు. ఆయన లోపట ఉంటే మేం ఇంట్ల ఎట్ల పండుకుంటం?"

కోర్టులో సర్కారు వకీలు ఆ ఫోటోలే పెట్టాడు. అడవి నుంచి ఇంతమంది కదిలి వచ్చారంటే ఇతను ఎవరి మనిషో చూడండి అన్నాడు. మరాఠీలో అన్నాడు. మాకు మరాఠీ బాగానే అర్థమవుతుంది. బెయిలు ఇవ్వలేదు.

ఇంకో ఎండాకాలం దాటాక వదిలారు. కేసు మాత్రం వదల్లేదు. మావాడు బక్కచిక్కి, మాట తగ్గించి వచ్చాడు.

అది విని ఆ తునికాకు మనిషి భార్య మా ఇంటికొచ్చింది. వచ్చీరాని తెలుగులో, "నా మొగడు ఏడున్నడో మల్ల రాయి తమ్మీ" అంది.

మావాడు ఆమె మొహం చూడలేకపోయాడు. "రాస్తే మీ ఊరోళ్లను గూడ పట్టుకపోతరు అక్కా. ఇగ నేను రాయ."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. అహేరిలో ఇంకో పేపరాయన ఉన్నాడట, బస్సు ఎప్పుడని నన్నడిగింది.

"ఆయన గూడ రాసుడు బంద్ జేసిండమ్మా" అని చెప్పాను.

అయినా వెళ్లి బస్సెక్కింది.