బవేరియా సంతకం చేసిన ఏడాది

2009లో వర్జీనియాలోని షాంటిలీ దగ్గర ఒక పబ్లిక్ హైస్కూల్లో నేను ఏపీ యూరోపియన్ హిస్టరీ చెప్పేదాన్ని. ఏపీ అంటే హైస్కూల్లో ఉండగానే చదివే కాలేజీ స్థాయి కోర్సు. ఆ క్లాసులోని తెలుగు పిల్లలు స్కూల్లో నన్ను మిసెస్ రావు అనేవారు, వారాంతాల్లో పుట్టినరోజు పార్టీల్లో ఆంటీ అనేవారు. మనవాళ్లకి మార్కులు ఎక్కువ వేస్తానని ఎవరూ అనుకోకూడదని వాళ్ల పేపర్లు కాస్త బిగించి దిద్దేదాన్ని. అదే నిజాయితీ అనుకుని లోలోపల మురిసిపోయేదాన్ని కూడా.

ఆ వసంతంలో జర్మనీ ఏకీకరణ మీద వ్యాసం ఇచ్చాను. ఉత్తర జర్మనీలోని పెద్ద రాజ్యం ప్రష్యా 1866లో ఆస్ట్రియాను ఓడించి ఉత్తరాది రాజ్యాలతో సమాఖ్య కట్టిందనీ, దక్షిణాది రాజ్యాలు దూరంగానే ఉండి, 1870లో ఫ్రాన్స్‌తో యుద్ధం రాగానే దేశభక్తి పొంగి ప్రష్యాతో చేయి కలిపాయనీ క్లాసులో చెప్పాను. గుంటూరులో ఎం.ఏ. చదివేటప్పుడు రాసుకున్న నోట్సు అది. నా రూబ్రిక్, అంటే దేనికెన్ని మార్కులో రాసుకునే పట్టిక, దాన్నిబట్టే తయారైంది.

ఆ తెలుగు పిల్లల్లో ఒకతైన సాహితి ఇంకోలా రాసింది. దక్షిణాది రాజ్యమైన బవేరియా 1866లో ఆస్ట్రియా పక్షాన పోరాడి ఓడిన కొద్ది వారాలకే ప్రష్యాతో రహస్యంగా సైనిక ఒప్పందం చేసుకుందనీ, 1870లో కదిలిన సైన్యాల వెనక ఆ సంతకం ఉందనీ ఆమె వాదన. కల్పించి రాసిందనుకుని ఎర్ర ఇంకుతో కొట్టేశాను. క్లాసయ్యాక రెండు పుస్తకాలు తెచ్చి ఒకసారి చూడమంది. తెలిసినవాళ్లమని మార్కులు కలపడం నా దగ్గర కుదరదన్నాను. ఆ పిల్ల మార్కుల ఊసే ఎత్తలేదు.

మనసు ఊరుకోక శనివారం లైబ్రరీకి వెళ్లాను. పది నిమిషాలు పట్టలేదు. బవేరియాతోపాటు దక్షిణాదివే అయిన వుర్టెంబర్గ్, బాడెన్ కూడా 1866 ఆగస్టులోనే సంతకాలు చేశాయి. ఇన్నేళ్లుగా తప్పు చెప్పుకుంటూ వచ్చానన్నమాట.

ఆదివారం మధ్యాహ్నం సాహితిని వెంటబెట్టుకుని వాళ్లమ్మ కల్పన మా ఇంటికొచ్చింది. చేతిలో సున్నుండల డబ్బా.

"మీకే ఎదురు చెప్పిందంట కదా శారద గారూ. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. కాలేజీలో హిస్టరీ మేజర్ చేస్తానని ఒకటే గొడవ. ఇంక చాల్లే, నెక్స్ట్ ఇయర్ కెమిస్ట్రీ తీసుకోమన్నాను. ఆంటీకి సారీ చెప్పు."

సాహితి నా మొహంలోకి చూసింది. నేను ఒక్క మాటంటే సరిపోయేది.

"సారీ ఆంటీ," అంది.

"పర్వాలేదులే అమ్మా," అన్నాను. కాఫీ కూడా ఇచ్చాను. ఆ డబ్బా లోపల పెట్టుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే కూడా తల వంగిపోతోంది.

సోమవారం క్లాసయ్యాక ఆమెనొక్కదాన్నే పిలిచి, నువ్వు రాసిందే కరెక్టని ఒప్పుకుని, గ్రేడ్ మార్చాను.

"థాంక్స్ మిసెస్ రావు," అని తలుపు దాకా వెళ్లి ఆగింది. "అమ్మకి చెప్తారా? మీరు చెప్తే వింటుంది."

చెప్తానన్నాను. ఆ వారం ఫోన్ తీశాను, పెట్టేశాను. టీచరుకే తెలియదట అని ఊళ్లోని తెలుగువాళ్లంతా చెప్పుకుంటారని భయం. మే నెల అయిపోయింది. ఆగస్టులో వచ్చిన కొత్త లిస్టుల్లో సాహితి పేరు ఏ హిస్టరీ క్లాసులోనూ లేదు.

రూబ్రిక్ తిరగరాశాను. ఇప్పుడు 2015. ఏటా ఆ పాఠం దగ్గర, ఈ సంగతి నాకు ఒక స్టూడెంట్ నేర్పిందని పేరుతో సహా చెబుతాను. తప్పు దిద్దుకోవడం వేరనీ, ఆ తప్పు వల్ల నష్టపోయినవాళ్ల ఎదుట ఒప్పుకోవడం వేరనీ ఈ ఉద్యోగం నాకు నేర్పింది. ఆరు బ్యాచులకి చెప్పాను. కల్పన ఇల్లు మా ఇంటికి రెండు సిగ్నళ్ల అవతల. అక్కడికి మాత్రం ఇంకా వెళ్లలేదు.