ఉప్పల్‌లో చూసిన సినిమా, నాచారంలో చూసిన సినిమా

మా బావ నాతో ఇరవై రోజులు మాట్లాడలేదు. కారణం ఒక కుంగ్‌ఫూ సినిమా రెండో భాగం.

బావ అంటే మా అక్క మొగుడు. తొంభైల మొదట్లో ఆయనా నేనూ నాచారం పారిశ్రామికవాడలో ఒకే షెడ్డులో పనిచేసేవాళ్లం. నేను లేత్ మిషన్ మీద ఇనుప ముక్కలు తిప్పి చెక్కే టర్నర్‌ని, ఆయన వాటిని బిగించే ఫిట్టర్. వాళ్లిల్లు నాచారంలోనే, షెడ్డుకు నాలుగడుగులు. నేనూ మా ఆవిడా ఉప్పల్‌లో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. రోజూ సైకిల్ మీద షెడ్డుకు పోయేవాణ్ణి. మధ్యాహ్నం అక్క చేసిన కూర, మా ఆవిడ చేసిన కూర కలిపి మేమిద్దరం ఒకే దగ్గర కూర్చుని తినేవాళ్లం.

మొదటి భాగం బావ ఎన్నిసార్లు చూశాడో ఆయనకే తెలియదు. ఒక కుంగ్‌ఫూ గురువును పెద్ద శిష్యుడే చంపి, బడి తగలబెట్టి పారిపోతాడు. చిన్న శిష్యుడు పగబడతాడు. విలన్‌కు సాయం చేసినవాళ్లను ఒక్కొక్కణ్ణి చంపుకుంటూ వస్తాడు. తీరా విలన్ దొరికే వేళకు వాడు నదిలోకి దూకి తప్పించుకుంటాడు. కథ అక్కడికి ఆగిపోయింది. ఆ విలన్ తన చేతుల్లోంచే జారిపోయినట్టు బావ బాధపడ్డాడు. నడుముకు నల్లగుడ్డ కట్టుకుని తెల్లవారుజామున పెరట్లో సాధన మొదలుపెట్టాడు. ఒకరోజు ఎగిరి తన్నిన తన్నుకు దండెం గుంజ విరిగి, అక్క ఉతికి ఆరేసిన బట్టలన్నీ బురదలో పడ్డాయి. అక్క ఏ గురువు దగ్గరా ఏమీ నేర్చుకోలేదు. అయినా బావ రెండు రోజులు కుంటుతూ నడిచాడు.

అట్లాంటి మనిషి రెండో భాగం కోసం రెండేళ్లు ఎదురుచూశాడు. అది ఉప్పల్‌లో ఒక థియేటర్‌కు, నాచారంలో ఒక థియేటర్‌కు ఒకేసారి వచ్చింది. మొదటిరోజు సాయంత్రం ఆటకు అక్కా బావా నాచారంలో వెళ్లారు. మేం ఉప్పల్‌లో వెళ్లాం. జోరుగా వాన పడుతున్నా హాలు నిండిపోయింది.

సినిమా మొదటి భాగంలా లేదు. ఒక పోరాటంలో అందరూ ఎర్రబట్టలు కట్టుకుంటే, ఇంకోదాంట్లో అందరూ తెల్లబట్టలు. కత్తి దూస్తే అది ఒరలోంచి బయటికొచ్చే లోపల పది ఆకులు రాలేవి. చైనా మనుషులు పౌరాణిక నాటకంలో పాత్రల్లా గంభీరమైన తెలుగు మాట్లాడేవాళ్లు. చివరికి వెదురు తోటలో హీరో విలన్‌ను కిందపడేసి కత్తి ఎత్తాడు. విలన్ తప్పించుకోకుండా తలవంచి, ఇన్నేళ్లూ గురువు సమాధి ఊడుస్తూ బతికానని ఏడ్చాడు. హీరో కత్తి దించాడు. మెడ తెగలేదు, జుట్టుముడి తెగింది. తర్వాత ఆ సమాధి ముందు, గుండుతో విలనూ, ఎదురుగా హీరోనూ కూర్చుని చాయ్ తాగారు. సినిమా అయిపోయింది.

మరునాడు షెడ్డులో అన్నం డబ్బా విప్పుతూ, "బావా, మస్తుంది గదా" అన్నాను.

బావ ముద్ద కిందపెట్టాడు. "ఏం మస్తుంది? రంగురంగుల బట్టలు చూపెట్టెతందుకు అది చీరల దుకాణమా? రెండేండ్ల సంది చూస్తున్న ఒక్క నరుకుడు చూపెట్టలే. కత్తి లేపిండు, అంతే. తర్వాత ఎవడో గుండోనితోని కూసోని చాయ్ తాగవట్టె!"

"గా గుండోడే విలన్ బావా. క్షమించి ఇడిసిపెట్టిండు."

"విలన్‌కు ఇంత జుట్టుండె. గాడు సాధువు. విలన్‌ను సంపిన పాపం పోవాలని సాధువు కాడికి పోయిండు."

"జుట్టు కోసిండు గదా!"

"ఏడ కోసిండు? నేను రెప్ప కొట్టకుంట చూసిన. నువ్వు పండుకున్నవ్, కలగన్నవ్."

షెడ్డులో ఎక్కువమంది నాచారం, మల్లాపూర్ వాళ్లు. అందరూ బావ వైపే. ఉప్పల్ నుంచి వచ్చే ఇంకొకాయన నా మాట నిజమన్నాడు గాని, ఆయన సెలవు కోసం ఒకే మేనత్తను మూడుసార్లు చంపిన మనిషి కావడంతో నా పరువు ఇంకా దిగిపోయింది. ఇంటికెళ్లి మా ఆవిడను సాక్ష్యం అడిగాను.

"కత్తి లేపంగనే నేను కండ్లు మూసుకున్న. తెరిచేసరికి చాయ్ తాగుతుండ్రు" అంది.

వారం తిరిగేసరికి మాట మాట పెరిగింది. పనిలో గుండ్రంగా తిప్పీ తిప్పీ నా తల కూడా తిరుగుతోందని బావ అందరి ముందూ అన్నాడు. గుంజను తన్నినంత మాత్రాన సినిమా అర్థం కాదని నేనన్నాను. అనగానే నాకే తప్పనిపించింది. ఆయన డబ్బా మూసుకుని వెళ్లి డ్రిల్లింగ్ మిషన్ వెనక కూర్చున్నాడు. మరునాటి నుంచి ఒక్కణ్ణే తిన్నాను. అక్క చేసే గోంగూర వాసన మిషన్ అవతలి నుంచి వచ్చేది. నేను సొరకాయ తినేవాణ్ణి. నవ్వులాటగా మొదలైంది అట్లా మనసుకు గుచ్చుకుంది.

ఇంతలో అక్కావాళ్ల చిన్నబిడ్డకు ఏడాది నిండింది. ఇంట్లో కృతజ్ఞత ప్రార్థన పెట్టారు. అక్క స్వయంగా మా ఇంటికొచ్చి, "తమ్మీ, మీ ఇద్దరి సినిమా మీ దగ్గరనే ఉంచుకోండ్రి. నా బిడ్డ పండుగకు మాత్రం రావాలె" అంది. వెళ్లాం. బావ నన్ను చూసి మా ఆవిడతో, "రామ్మా, కూసో" అన్నాడు.

ప్రార్థన చేయించడానికి వచ్చిన మా చర్చి పాస్టరుగారు మంచి మనిషి, పెద్ద గొంతు. మా సంఘంలో సినిమా చూడటం తాగుడుకు చిన్నతమ్ముడి లాంటిది. ఆయన ఎన్నో ఆదివారాలు దాని మీద ఉరిమాడు కూడా. ఆ రోజు క్షమాపణ గురించి చెబుతూ చెబుతూ ఆవేశంలో పడ్డాడు.

"ఒకాయనె ఉండె. గురువును సంపినోని మీద పగబట్టిండు. కత్తి లేపిండు. శత్రువు తల వంచిండు. అప్పుడేం చేసిండు? మెడ నరికిండా? లేదు! జుట్టు కోసి ఇడిసిపెట్టిండు!"

చాప మీద కూర్చున్న బావ దిగ్గున లేచాడు. "అయ్యగారూ, జుట్టా? మీరు ఏ థియేటర్ల చూసిన్రు?"

"ఉప్పల్ల" అన్నాడు పాస్టరుగారు.

అన్న తర్వాత ఆయన నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. చిన్నబిడ్డ కూడా ఏడుపు ఆపింది. సంఘపెద్ద ఒకాయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"మన యౌవనస్తులు చూడదగ్గదా కాదా అని పరీక్షించెతందుకు పోయిన" అన్నాడు పాస్టరుగారు మెల్లగా.

"గందుకే రెండుసార్లు పరీక్షించిన్రు" అంది వెనక నుంచి ఆయన భార్య.

ముందు మా అక్క నవ్వింది, తర్వాత అందరూ. సంఘపెద్ద ఒక్కడే నవ్వలేదు. ప్రార్థన ఎట్లా ముగిసిందో నాకు గుర్తులేదు గాని, భోజనాల దగ్గర పాస్టరుగారు, బావ, నేను ఒక మూల చేరి, ఏ సీను తర్వాత ఏ సీను వచ్చిందో మెల్లగా చెప్పుకున్నాం. అన్నీ కలిశాయి, ఆ ఒక్కటి తప్ప.

మరునాడు బావ నాచారం థియేటర్‌కు వెళ్లి గేటు దగ్గరి మనిషిని పట్టుకున్నాడు. ఆయన దాచకుండా చెప్పాడు. సినిమా పెట్టె రెండు థియేటర్లకూ ఒకటే. ఉప్పల్‌లో ఆడిన రీలు ఆడినట్టు స్కూటర్ మీద నాచారానికి రావాలి. మొదటిరోజు వానకు రోడ్డు మీద నీళ్లు నిలిచి స్కూటర్ ఆగిపోయింది. జనం కుర్చీలు విరగ్గొడతారనే భయంతో రాని రీలు వదిలేసి, ఇంకో స్కూటర్ మీద ముందొచ్చిన తర్వాతి రీలు వేశారు.

"మరి తర్వాత రోజులల్ల ఎందుకు ఎయ్యలే?" అని అడిగాడట బావ.

"ఎవరు అడగలే అన్నా. ఆట జర తొందరగ అయిపోతుందని గట్లనే నడిపిచ్చినం" అన్నాడట ఆయన.

ఆ సాయంత్రం బావ సైకిల్ తొక్కుకుంటూ మా ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "బామ్మర్దీ, రేపు నలుగురం ఉప్పల్ల చూద్దాం. టికెట్లు నేను తెస్త" అన్నాడు. అంతకంటే పెద్ద క్షమాపణ ఆయన నోట రాదని నాకు తెలుసు. మా ఆవిడ చాయ్ పెట్టింది. ఆయన రెండు కప్పులు తాగాడు.

మరునాడు వెళ్లాం. వెదురు తోట రాగానే నేను తెర మానేసి బావ మొహం చూశాను. కత్తి లేచింది. విలన్ తల వంచాడు. జుట్టుముడి నేల మీద పడింది. బావ ముందుకు వంగి, ముందు కుర్చీని రెండు చేతులతో పట్టుకుని, నిజంగానే రెప్ప కొట్టకుండా చూశాడు.

బయటికి వచ్చాక ఏమంటాడోనని ఎదురుచూశాను. రోడ్డు దాటాక గొంతు సవరించుకున్నాడు.

"నాచారంల ఆడిందే మంచిగుంది. గా రీలు తీసేసినోడు తెలివైనోడు. మనసుల నరుక్కోనీకి జాగ ఇడిసిండు. గీడ గా జాగ కూడ లేకుంట చేసిన్రు."

ఇరవై రోజుల సొరకాయ కళ్ల ముందు కదిలింది.

"సమాధి ఊడ్సుకుంట ఉన్నోణ్ణి ఎట్ల నరుకుతరు?" అంది మా ఆవిడ.

"వదలొద్దుండె" అంది అక్క. "గుండు చేసుడేంది, చాయ్ పోసుడేంది? బడి మళ్ల వాని చేతనే కట్టియ్యాలె. ఇటుకలు మోపియ్యాలె."

"గట్ల తీస్తె ఎవరు చూస్తరు?" అన్నాడు బావ.

"నేను చూస్త" అంది అక్క.

ఉప్పల్ రింగ్ రోడ్డు దాకా వాళ్లిద్దరూ వాదించుకుంటూ ముందు నడిచారు. పాస్టరుగారి దగ్గరికి వెళ్లి తేల్చుకుందామని బావ, ఆయన్ను ఇంకోసారి ఇరికించొద్దని అక్క. వెనక నేనూ మా ఆవిడా నవ్వాపుకోలేక నడిచాం. నాచారం బస్సు వచ్చింది. ఎక్కబోతూ బావ వెనక్కి తిరిగి, "రేపు డబ్బల సొరకాయ తేకు, మీ అక్క గోంగూర చేస్తదట" అని అరిచాడు.